కౌన్సిలర్ గారు తీసుకోని శాలువా

కౌన్సిలర్ గారు పోయారు. ఫిబ్రవరిలో, ఒక మంగళవారం మధ్యాహ్నం, నేను కాకరకాయలు తరుగుతుంటే ఫోన్ మోగింది. చేసింది ఆయన భార్య. "అక్కా" అని పిలిచింది. "పొద్దున వెళ్ళిపోయారు. మీకు నేనే చెప్పాలనిపించింది" అంది. నేను సరేనన్నాను. తిరిగి వచ్చి తరిగిన ముక్కలకు ఉప్పు రాశాను. తెలిసి చేసిన పని కాదు. చేతులు వాటంతట అవే రాశాయి. తర్వాత కాళ్ళు కడుక్కుని దేవుడి దగ్గర దీపం పెట్టాను. ఏమీ అడగలేదు. అడగడానికి ఏముందో అర్థం కాలేదు.

ఈ ఉగాది సంచికకు ఆయన గురించి రాసిమ్మని మన సంఘం వాళ్ళు అడిగారు. రాత నా పని కాదు. అయినా ఒప్పుకున్నాను. మన ఊరికి ఈమధ్యే ఉద్యోగాలకు వచ్చిన పిల్లలకు ఆయన ఎవరో తెలియదు. తెలిసినవాళ్ళు కూడా ఇంకో రెండేళ్ళలో మరిచిపోతారు. ఆయన చేసిన పనుల్లో కంటికి కనిపించేది ఒక్కటీ మిగల్లేదు మరి.

ఆయనది చిలీ. దక్షిణ అమెరికాలో సముద్రం పక్కన సన్నగా, పొడుగ్గా సాగే దేశం. అక్కడ ఒక చిన్న పట్నం మునిసిపాలిటీలో, మంచినీళ్ళ శాఖలో కుర్ర ఉద్యోగిగా ఉండేవారట. సైన్యం ప్రభుత్వాన్ని పడగొట్టినప్పుడు ఆయన్ని పట్టుకెళ్ళారు. కొన్నాళ్ళకు వదిలేసి, దేశం విడిచి పొమ్మన్నారు. అలా ఇంగ్లండు చేరారు. ఇక్కడ కార్ల ఫ్యాక్టరీలో పనిచేశారు, యూనియన్‌లో తిరిగారు, తొంభైల చివర్లో మా వార్డు నుంచి సిటీ కౌన్సిల్‌కు ఎన్నికయ్యారు. ఆయన యాస విని కౌన్సిల్లో కొందరు నవ్వుకునేవారని విన్నాను. ఆయనకూ తెలుసు. "నవ్వనీ అక్కా. నవ్వడానికైనా వింటున్నారు కదా" అనేవారు.

మొదటిసారి మా ఇంటి తలుపు తట్టినప్పుడు గ్యాస్ మీటర్ చూడడానికి వచ్చిన మనిషి అనుకున్నాను. మా ఆయన పోయిన ఏడాది అది. ఎవరొచ్చినా తలుపు సగమే తీసేదాన్ని. ఓటు వేయమని అడగలేదు. మీ వీధిలో ఏం బాగాలేదు అని అడిగారు. మా ఇంటికి ఎదురుగా ఉన్న బస్టాపు మీది దీపం వెలగడం లేదు, నైట్ డ్యూటీకి వెళ్ళే నర్సులు చీకట్లో నిలబడుతున్నారు అని చెప్పాను. వారం తిరక్కుండా దీపం వెలిగింది. ఆ సాయంత్రమే ఆయన వచ్చి, దీపం కింద కాసేపు నిలబడి, తల ఎత్తి చూసి, మళ్ళీ మా తలుపు తట్టారు. "ఇంకేం బాగాలేదు?" అన్నారు. అప్పుడు లోపలికి పిలిచి కాఫీ ఇచ్చాను.

మా చిన్న తమ్ముడు మా వీధిలోనే ఉంటాడు. కంప్యూటర్ ఉద్యోగం. చాలాకాలం మన సంఘానికి అధ్యక్షుడు. మీ అందరికీ తెలిసినవాడే. కాఫీ ఇచ్చిన రోజు వాడు "అక్కయ్యా, అక్కయ్యా" అంటూ ఇంట్లో తిరుగుతుంటే కౌన్సిలర్ గారు అది నా పేరనుకున్నారు. తర్వాత కౌన్సిల్ నుంచి వచ్చిన కవరు మీద "మిసెస్ అక్కా" అని ఉంది. దాన్ని చూసి తమ్ముడు పొట్ట పట్టుకుని నవ్వాడు. పేరు కాదు, పెద్దదాన్ని కనుక అలా పిలుస్తారని చెప్పాను. ఆయన నవ్వలేదు. "నన్ను పెంచింది మా అక్క. ఆమె పోయినప్పుడు మా దేశం నన్ను రానివ్వలేదు. మీకు అభ్యంతరం లేకపోతే ఇలాగే పిలుస్తాను" అన్నారు. ఆయన నాకంటే పదేళ్ళు పెద్ద. అయినా చివరిదాకా నేను ఆయనకు అక్కనే.

మేం మాట్లాడుకున్నదంతా ఇంగ్లీషులోనే. నాకు వచ్చింది కొంచెం, ఆయనది వంకర. ఇద్దరం మెల్లగా మాట్లాడేవాళ్ళం, అందుకే ఇద్దరికీ బాగా అర్థమయ్యేది.

పాత బడి భవనం సంగతి చెప్పాలి. ఎర్ర ఇటుకల కట్టడం, ఎత్తయిన కిటికీలు, ఎంత హీటర్ వేసినా వెచ్చబడని గదులు. కౌన్సిల్‌ది. బడి మూసేశాక అందులో హాలు అద్దెకిచ్చేవారు. బుధవారాలు ముసలివాళ్ళకు భోజనం. ఐర్లండ్ వాళ్ళు, జమైకా వాళ్ళు, చిలీ వాళ్ళు, మనం, అందరం అక్కడే. శనివారాలు మన పిల్లలకు తెలుగు. పండగలకు పూజలు. మన సంఘం పుట్టింది ఆ హాల్లోనే. మా ఆయన పన్నెండో రోజు భోజనాలు పెట్టింది కూడా అక్కడే.

కానీ కౌన్సిల్ భవనాల్లో నిప్పు వెలిగించకూడదు. దీపం పెట్టకుండా పూజేంటి? మొదటి ఏడాది బ్యాటరీ దీపాలు పెట్టి కానిచ్చాం. హారతి పళ్ళెంలో ప్లాస్టిక్ మంట వణుకుతుంటే కళ్ళకద్దుకోకుండానే పక్కకు జరిగాను. ఆయనతో అన్నాను. ఆయన రూల్సు చదివి, వెళ్ళి ఎవరెవరితోనో మాట్లాడి వచ్చారు. మంటలార్పే సిలిండర్ పట్టుకుని బాధ్యత గల మనిషి ఒకరు దీపం ఆరేదాకా అక్కడే నిలబడితే అభ్యంతరం లేదట. "ఎవర్ని పెడతారండీ?" అన్నాడు తమ్ముడు.

"నేను నిలబడతాను" అన్నారాయన.

ఆ తర్వాత ప్రతి పూజకూ నిలబడ్డారు. బూట్లు విప్పి, సాక్సులతో, తలుపు పక్కన, కాలి దగ్గర ఎర్ర సిలిండర్. ఎడమ సాక్సుకు బొటనవేలి దగ్గర ఎప్పుడూ చిరుగే. మిగతా కౌన్సిలర్లు పండగలకు వచ్చి, ఫోటో దిగి, సమోసా తిని వెళ్ళేవారు. ఈయన మంత్రం ఒక్క ముక్క అర్థం కాకపోయినా కదిలేవారు కాదు. మా తమ్ముడి కూతురు చిన్నప్పుడు ఒకసారి నా చెవిలో, "అత్తా, ఈజ్ హి ద ఫైర్ గాడ్?" అంది. ఆ మాట ఆయనకు చెబితే చాలాకాలం మురిసిపోయారు. హారతి తిప్పుకుంటూ ఆయన దగ్గరికి వెళితే, అందర్నీ చూసి నేర్చుకున్నట్టే రెండు చేతులూ చాపి కళ్ళకద్దుకునేవారు.

ప్రసాదం విషయంలో ఒక పట్టింపు. పులిహోర చేతిలో పెడితే తినేవారు, మళ్ళీ అడిగి తినేవారు. భార్యకని డబ్బాలో పెట్టిస్తే తీసుకునేవారు కాదు. "చేతిలో పెట్టింది తింటాను అక్కా. డబ్బాలో పెట్టింది ఇంటికి తీసుకెళ్ళను." ఇదేం చోద్యమని మొదట్లో నొచ్చుకున్నాం. తర్వాత అలవాటైంది. ఆయన భార్యనే బుధవారం భోజనాలకు రమ్మని చెప్పాం. ఆవిడ వచ్చేది. తక్కువ మాట్లాడేది. గిన్నెలు కడిగేటప్పుడు నా పక్కనే నిలబడి తుడిచేది.

రాజకీయం గురించి ఆయన చెప్పిన మాట ఒక్కటే నాకు గుర్తుంది. "కుళాయి తిప్పితే నీళ్ళు రావాలి. వచ్చాకే ఉపన్యాసం." నీళ్ళ శాఖలో నేర్చుకున్నానని నవ్వేవారు.

కొన్నేళ్ళకు కౌన్సిల్ ఆ భవనం అమ్మేయాలనుకుంది. కప్పు బాగుచేయించే స్థోమత లేదని, కొనేవాళ్ళు ఫ్లాట్లు కడతారని. ఆయన అడ్డం తిరిగారు. సొంత పార్టీ వాళ్ళతోనే పోట్లాడారు. ఇంటింటికీ తిరిగి బుధవారం భోజనాలకు వచ్చే ముసలివాళ్ళ చేత మాట్లాడించారు. అమ్మకం సంగతి తేల్చే కమిటీలో ఆయనా ఒకరు; ఆ మీటింగులో ఆయన మాట్లాడిన తీరుకి, నిర్ణయం ఆ రోజు తీసుకోకుండా తర్వాతి మీటింగుకు వాయిదా వేశారు.

వాయిదా పడిందంటే మావాళ్ళకు గెలిచినట్టే అనిపించింది. తమ్ముడు ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చాడు.

"అక్కయ్యా, దీపావళికి సార్‌కి సన్మానం చేద్దాం."

"ఇంకా తేలలేదుగా రా. ఆయనే అన్నారు, ఇంకా అయిపోలేదని."

"అయినట్టే లేవే. పూలదండ, పళ్ళు, శాలువా. మన పద్ధతిలో చేద్దాం."

"ఆయన పులిహోర డబ్బా కూడా ముట్టుకోరు. గిఫ్టులు తీసుకోరురా."

"ఏంటక్కయ్యా నువ్వు! ఇది గిఫ్టేంటి? శాలువా!"

వాడి మొహంలో నిజంగానే ఆశ్చర్యం. మనలో శాలువాను ఎవరు గిఫ్టంటారు? గుంటూరులో మా నాన్న రిటైరైన రోజు కప్పారు, బడి వార్షికోత్సవానికి కప్పారు, బీరువాలో దొంతరలుండేవి. అది మనిషికిచ్చే వస్తువు కాదు, మనిషికి పెట్టే దండం లాంటిది. ఇంకో సంగతి. మామూలుగా సన్మానాలకు కప్పే ఆ జిగేల్‌మనే పల్చటి గుడ్డ అయితే ఏ గొడవా ఉండేది కాదు. కౌన్సిలర్లు తీసుకునే కానుకల ఖరీదుకు ఒక హద్దుందట, ఆ గుడ్డ దానిలోపే ఉండేది. తమ్ముడికి మనసొప్పలేదు. "ఇంత చలిదేశంలో ఆ మెరుపుగుడ్డ ఎందుకక్కయ్యా, సార్‌కి పనికొచ్చేది ఇద్దాం" అని, ఇండియా నుంచి వస్తున్నవాళ్ళ చేత అసలైన ఉన్ని శాలువా తెప్పించాడు. గోధుమరంగు, సన్నటి జరీ అంచు. చెయ్యి పెడితే వెచ్చగా ఉండేది. వాడు ప్రేమతోనే తెచ్చాడు. ఆ మాట ఇక్కడ రాసి తీరాలి.

దీపావళి పూజకు ఆయన ఎప్పటిలాగే వచ్చి, బూట్లు విప్పి, సిలిండర్ పక్కన నిలబడ్డారు. హారతి కాగానే తమ్ముడు వెళ్ళి సిలిండర్ పక్కకు జరిపి, ఆయన చెయ్యి పట్టుకుని స్టేజీ మీదకు తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టాడు. దండ వేశారు. పళ్ళ బుట్ట ఒళ్ళో పెట్టారు. శాలువా కప్పారు. హాలంతా చప్పట్లు. ఆయన చిరుగు సాక్సు కాలు ఇంకో కాలు వెనక దాచుకుంటూ, రెండు చేతులూ జోడించి, నా వైపు చూశారు. కిందికి దిగాక నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగారు.

"అక్కా, దీన్ని మీ భాషలో వద్దని ఎలా చెప్పాలి?"

"దీనికి మా దగ్గర వద్దనే మాట లేదండీ" అన్నాను.

తల ఊపారు. మర్నాడు పొద్దున్నే శాలువాను చక్కగా మడత పెట్టి, సూపర్ మార్కెట్ సంచిలో పెట్టుకుని మా ఇంటికి వచ్చారు. "రాత్రి నా భార్య ఒకసారి భుజాన వేసుకుంది. ఆమెకు చాలా నచ్చింది. అందుకే పొద్దున్నే తెచ్చేశాను" అని నవ్వారు. "మీ దగ్గరే ఉంచండి అక్కా. కౌన్సిలర్ పని అయిపోయిన రోజు వచ్చి తీసుకుంటాను. మీ తమ్ముడికి చెప్పకండి, నొచ్చుకుంటాడు." దాన్ని దేవుడి అలమర కింది అరలో పెట్టాను.

అక్కడితో అయిపోయేదే. కానీ తమ్ముడు ఆ సంతోషంలో ఫోటోను ఊరి పేపరుకు పంపాడు. దండతో, పళ్ళతో, శాలువాతో కౌన్సిలర్ గారు. కింద, పాత బడి భవనం కాపాడినందుకు తెలుగువారి సత్కారం అని. పేపర్ వచ్చిన రోజు వాడు నాలుగు కాపీలు కొన్నాడు.

తర్వాతి మీటింగుకు మేం చాలామందిమి వెళ్ళి వెనక కుర్చీల్లో కూర్చున్నాం. భవనం విషయం రాగానే అవతలి పార్టీ ఆయన ఒకరు లేచి ఆ పేపరు విప్పి చూపించాడు. ఆ హాలు వాడుకునేవాళ్ళ దగ్గర ఖరీదైన కానుక తీసుకున్న మనిషి, ఆ హాలు మీద ఓటెలా వేస్తాడని అడిగాడు. కౌన్సిలర్ గారు లేచి, తీసుకున్నది నిజమేనని, మర్నాడే తిరిగిచ్చేశానని, ఆ సంగతి కౌన్సిల్‌కు రాసి కూడా ఇచ్చానని చెప్పారు. నా పక్కన తమ్ముడు ఉలిక్కిపడి, "తిరిగిచ్చేశారా?" అన్నాడు. కౌన్సిల్ లాయరు ఏదో గొంతు తగ్గించి చెప్పింది. తిరిగిచ్చినా మానినా, చూసేవాళ్ళకు అనుమానం రాకుండా ఆయన బయటికి వెళ్ళడమే క్షేమమని.

ఆయన వాదించలేదు. కాగితాలు సర్దుకుని, మా వైపు ఒకసారి చూసి, బయటికి వెళ్ళారు. తలుపుకున్న అద్దంలోంచి వరండాలో ఆయన వీపు కనిపిస్తూనే ఉంది. తలుపు పక్కనే నిలబడ్డారు, పూజలప్పటిలాగే.

ఓట్లు రెండు వైపులా సమానంగా వచ్చాయి. అప్పుడు అధ్యక్ష స్థానంలో ఉన్నావిడ నిర్ణాయక ఓటు అమ్మకం వైపు పడింది.

తమ్ముడు నన్ను కారులో ఇంటికి తీసుకొచ్చాడు. ఇంటి ముందు ఆపి, "గిఫ్టేనంట అక్కయ్యా" అన్నాడు. స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు. నేను వాడి వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. చిన్నప్పుడు వాడికి జ్వరమొస్తే అలాగే కూర్చునేదాన్ని.

మే నెలలో ఎన్నికలు. ఆయన ఓడిపోయారు. అవతలి పార్టీ వాళ్ళు ఆ పేపర్ ఫోటో కరపత్రం మీద వేసి ఇంటింటికీ పంచారు. మా తలుపు సందులోంచి కూడా ఒకటి పడింది. ఫలితాలొచ్చిన వారం నేను శాలువా తీసుకుని ఆయన ఫ్లాటుకు వెళ్ళాను. తీసుకోలేదు.

"భవనం తలుపులు మూయనివ్వండి అక్కా. ఇప్పుడు తీసుకుంటే వాళ్ళన్న మాటే నిజమవుతుంది."

"మీరిప్పుడు కౌన్సిలర్ కాదుగా."

"ఎవరూ చూడకపోయినా, తీసుకున్నానని నాకు తెలుస్తుందిగా."

ఆ వేసవిలో భవనం ఖాళీ చేశాం. ఆఖరి రోజు పెద్ద గిన్నెలు, పిల్లల బోర్డు, దేవుడి పటాలు కార్లలోకి ఎక్కిస్తున్నాం. ఆయన వచ్చి కుర్చీలు మడతపెట్టారు. తమ్ముడు ఆయన ముందుకు వెళ్ళి, "సార్, నా వల్లే" అని ఆగిపోయాడు. ఆయన వాడి భుజం పట్టుకుని, "మా దేశంలో నన్ను కుర్చీలో కూర్చోబెట్టినప్పుడు చేతులు కట్టేశారు. చప్పట్లు కొట్టి కూర్చోబెట్టింది మీరొక్కరే. దాన్ని తప్పని నేను అనను" అన్నారు. తమ్ముడు అక్కడే కూలబడి ఏడ్చాడు. మర్నాడే సంఘం పదవి వదిలేశాడు. ఎందుకు వదిలేశాడని చాలామంది అడిగారు. ఇందుకు.

ఆ రోజు శాలువా ఇవ్వాలని గుర్తుంది. ఆ దుమ్ములో, ఆ ఏడుపులో ఇచ్చేది కాదనిపించింది. ఆ తర్వాత ఆయనకు జబ్బు చేసింది. ఎవర్నీ రావద్దన్నారు. ఫోనే. దీపావళికి ఫోన్ చేస్తే, "దీపాలు పెట్టారా?" అని అడిగారు. తమ్ముడింట్లో పెట్టుకున్నామన్నాను. "ఎవరు నిలబడ్డారు?" అన్నారు. ఎవరూ లేరు, ఇల్లేగా అన్నాను. కాసేపు దగ్గి, "అయినా ఒకరు ఉండాలి అక్కా" అన్నారు. నాతో ఆయన మాట్లాడిన చివరి మాట అదే.

దహనానికి ఎక్కువమంది రాలేదు. నేను చిన్న ప్రమిద, వత్తి, కొంచెం నెయ్యి తీసుకెళ్ళాను. అక్కడి ఉద్యోగి మర్యాదగానే, ఇక్కడ మంట కుదరదమ్మా అన్నాడు. వెనక నుంచి తమ్ముడు ముందుకొచ్చి, "నేను పక్కన నిలబడతాను. ఆరేదాకా కదలను" అన్నాడు. "సారీ, మేట్" అని అతను తల అడ్డంగా ఊపాడు. ప్రమిద సంచిలో పెట్టేశాను. తమ్ముడు వెళ్ళి తలుపు పక్కన బూట్లు విప్పి, ప్రార్థన అయ్యేదాకా ఖాళీ చేతులతో నిలబడ్డాడు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆయన భార్య మాత్రం వెనక్కి తిరిగి, వాడి కాళ్ళవైపు చూసింది.

తర్వాత ఆవిడను మా ఇంటికి తీసుకొచ్చి టీ ఇచ్చాను. వెళతానని లేచినప్పుడు అలమరలోంచి శాలువా తీసి చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని వెంటనే గుర్తుపట్టింది. అంచు మీద వేలితో రాసింది. "చివరి రెండు నెలలూ చలి, చలి అన్నారు అక్కా. హీటర్ ఎంత పెంచినా చలే" అంది. నేను ఆ అంచు వైపే చూస్తూ నిలబడ్డాను. ఆవిడ కూడా నన్ను చూడలేదు. దాన్ని విప్పి భుజాల చుట్టూ కప్పుకుంది.

కారులో దింపుతానన్నాడు తమ్ముడు. వద్దంది, బస్సుకే వెళతానంది.

సాయంత్రం ఐదు దాటింది, చీకటి పడుతోంది. రోజూ పారాయణ చేసుకునే వేళ. పుస్తకం తెరవలేదు. కిటికీ దగ్గర నిలబడ్డాను. వీధి చివర పాత బడి చుట్టూ చెక్క పలకలు కట్టేశారు. ఎదురుగా బస్టాపులో ఆవిడ ఒక్కతే. మీద దీపం వెలగడం లేదు. అది ఆరిపోయి చాలా రోజులైంది. ఎవరికి చెప్పాలో తెలియక నేనూ ఊరుకున్నాను. కారు ఏదైనా వెళ్ళినప్పుడల్లా ఆ జరీ అంచు ఒక్కసారి మెరిసేది. మళ్ళీ చీకట్లో ఏమీ కనిపించేది కాదు.